కొలిమితిత్తి ఊపిరి

ఆదివారం పొద్దున్నే యీషున్‌లో రైలెక్కి, బిషాన్‌లో మారి, సెరంగూన్‌లో దిగి, మా అమ్మాయి వాళ్లుండే కాండో అపార్ట్‌మెంట్లలో ఈతకొలను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం ఈ మధ్య నాకు ఒక పనిగా మారింది. కొలనులో మా మనవరాలు అనన్య బోర్లా తేలుతూ ఉంటుంది. చేతులు కదలవు, కాళ్లు కదలవు. మూడు నిమిషాలు, మూడున్నర, ఒకసారి నాలుగు. ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడితే వాళ్లు గెలిచే ఆట అది. యూనివర్సిటీలో చేరాక పట్టుకుంది దానికి ఈ పిచ్చి. కోచ్ ఉన్నాడు, జట్టు ఉంది, పోటీలు ఉన్నాయి, ఆ జట్టులో ఆడపిల్లలే ఎక్కువ. జతగా కాపలా ఉండే స్నేహితురాలు పరీక్షలని మానేస్తే ఆ ఉద్యోగం నాకు దక్కింది. నాకు ఈత వచ్చు. అరవై తొమ్మిదేళ్లు వచ్చినా వారానికి నాలుగు రోజులు యీషున్‌లో కొలనులో దిగుతాను. "నువ్వు ఊరికే చూస్తూ కూర్చో అమ్మమ్మా. ఐ డోంట్ ఆన్సర్ అంటే, యూ జస్ట్ పుల్ మీ అప్ లా," అంది. మొదటి ఆదివారం సెక్యూరిటీ అంకుల్ పరుగెత్తుకొచ్చాడు, నీళ్లలో పిల్ల శవంలా తేలుతుంటే ఈ ముసలావిడ తీరిగ్గా చూస్తోందేమిటని. ఆయనకు నచ్చజెప్పడానికి పట్టిన సమయం అనన్య నీళ్లలో ఉన్న సమయం కన్నా ఎక్కువే.

మూడో ఆదివారం అది గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని, పొట్ట లోపలికి కొడుతూ, ముక్కుతో బుస్సు బుస్సుమని ఊదడం మొదలుపెట్టింది. పది, పదిహేను, ఇరవై. నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. వెళ్లి దాని భుజం పట్టుకుని వెనక్కి లాగాను.

"ఆపు! అలా ఊది నీళ్లలో దిగకూడదు."

"వై? యోగా క్లాస్‌లో నేర్పించారు. ఇది ప్రాణాయామం వాట్. మనదే కదా అమ్మమ్మా!"

మనదే. చిక్కంతా అక్కడే ఉంది. ఆ రోజు దాన్ని నీళ్లలో దిగనివ్వలేదు. ఎందుకో చెప్పేదాకా అది నన్ను వదల్లేదు.

నా చిన్నతనం సెంబవాంగ్‌లో, డాక్‌యార్డు క్వార్టర్లలో గడిచింది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశం వచ్చి ఆ డాక్‌యార్డు కమ్మరి షెడ్డులో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. ఆయన పని మానుకునేనాటికి మా నాన్న అక్కడే ఫిట్టరు. ఒకే గోడ పంచుకున్న ఇళ్ల వరస మాది. ఇటుపక్క మలయాళీలు, అటుపక్క తమిళులు, ఎదురుగా ఇంకో రెండు తెలుగిళ్లు. పొద్దున సైరన్ కూయకముందే అమ్మ కిరసనాయిలు పొయ్యి వెలిగించేది. నాన్న చొక్కాలకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గ్రీజు వాసన, పొయ్యి వాసన, తాత తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన కలిస్తే అది మా ఇల్లు. వెనక వీధిలో మలయ్ వాళ్లింట్లో బెలచాన్, అంటే ఎండురొయ్యల ముద్ద, నిప్పుల మీద కాలుతుంటే అమ్మ కొంగుతో ముక్కు మూసుకుని కిటికీ తలుపులు వేసేది. కొన్నేళ్లకు ఆ అమ్మే గోంగూరలో చిటికెడు బెలచాన్ వేయడం మొదలుపెట్టింది. మనూళ్లో తెలిస్తే నవ్వుతారని నాన్న అనేవాడు, అంటూనే ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

తాతకు ఇద్దరే గురువులు. ఒకటి కొలిమి, రెండోవారు ఎప్పుడో మా క్వార్టర్లకు వచ్చి వారం రోజులుండి వెళ్లిన ఒక స్వామివారు. ఆ స్వామివారు నేర్పిన ప్రాణాయామాన్ని తాత ఒక్కరోజు మానలేదు. వరండాలో చాప వేసుకుని, చొక్కా విప్పి, వీపు నిటారుగా పెట్టి, ముక్కుతో వేగంగా ఊదడం మొదలుపెడితే వీధి చివరకు వినిపించేది. దానికి శాస్త్రంలో భస్త్రిక అని పేరట. తాత మాత్రం కొలిమితిత్తి అనేవాడు. ముప్పై ఏళ్లు తిత్తి ఊదిన మనిషి, తన ఛాతీనే తిత్తి చేసుకున్నాడు. పక్కింటి మలయాళీ ఆవిడ ఆ చప్పుడు వినగానే పిల్లలను నిద్ర లేపేది. రోగం వచ్చినా, కోపం వచ్చినా, లెక్కల్లో మార్కులు తగ్గినా తాత దగ్గర ఒకటే మందు, నలభై కొలిమితిత్తులు. నేను ఆయన పక్కన కూర్చుని ఊదేదాన్ని. తల తేలికయ్యేది, వేళ్ల చివర్లు చిమచిమలాడేవి. అది దేవుడు దగ్గరికి రావడమని తాత చెప్పాడు. నమ్మాను. అంత ముసలాయన అబద్ధం చెబుతాడని ఏ పిల్ల అనుకుంటుంది? ఆయనా నమ్మే చెప్పాడు.

వారానికి రెండుసార్లు పెరటి తలుపు దగ్గరికి సాలమా వచ్చేది. మలయ్‌లో పిన్నిలాంటి ఆవిడను మక్‌చిక్ అంటారు, మేమందరం ఆమెను మక్‌చిక్ అనే పిలిచేవాళ్లం. పడవల మీదే పుట్టి పెరిగిన సముద్రపు మనుషుల తెగ వాళ్లది. మేం ఎరిగేనాటికి పడవ వదిలి, జలసంధి ఒడ్డున మడ చెట్ల మధ్య కర్రల మీద గుడిసె వేసుకున్నారు. జెట్టీ గుంజలకు నీళ్ల అడుగున పట్టే పచ్చ ఆల్చిప్పలను మునిగి కోసుకొచ్చేది. ఆ ఇంట్లో మగవాళ్లు వలలు వేసేవాళ్లు, మునిగే పని ఆడవాళ్లది. ఎందుకని నేను అడిగితే, మగవాళ్లకు ఓపిక తక్కువ, నీళ్లలో కూడా తొందరపడతారని చెప్పింది. బుట్ట మీద తడి గోనె కప్పి తెచ్చేది. అమ్మ ఒక గిన్నెడు బియ్యమో, మామిడికాయ పచ్చడో ఇచ్చి ఆల్చిప్పలు తీసుకునేది. వాటిని ఉడికించి, నోళ్లు విప్పుకున్నాక కండ తీసి, చింతపండు పులుసు పెట్టేది. అంత మంచి పులుసు మళ్లీ నేను తినలేదు, వండడానికి ప్రయత్నించి మానేశాను కూడా.

నాకు పదకొండో పన్నెండో ఏడు నడుస్తుండగా మక్‌చిక్ ఆడపడుచుకు కాన్పు వచ్చింది. ఇద్దరూ జంటగా వెళ్లేవాళ్లు, ఒకరు మునిగితే ఒకరు సంపాన్ అనే ఆ చిన్న పడవలో కూర్చుని చూసేవాళ్లు. జత లేకుండా మునగడం వాళ్లలో లేదు. బడి లేని పూట నన్ను కూర్చోబెట్టుకుంటానని మక్‌చిక్ అడిగింది. అమ్మ సరేనంది, పడవలో ఊరికే కూర్చోవడమే కదా అనుకుని. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది. పడవలో ఉన్న మనిషి మాట్లాడకూడదు, తినకూడదు, ఆకాశం వైపు చూడకూడదు. మునిగినచోట నీళ్ల మీదే కళ్లుండాలి. మునిగిన మనిషి పైకి వచ్చాక ముందు ఒక మాట పలకాలి, ఏ మాటైనా సరే. తల కనిపించినంత మాత్రాన వచ్చినట్టు కాదు. మాట వినపడకపోతే పడవలో మనిషి వెంటనే దూకాలి. మక్‌చిక్ పైకి వస్తూనే "అదా" అనేది, ఉన్నాను అని. ఆ తరవాతే ఆల్చిప్పల సంచీ పడవలో పడేది.

నెమ్మదిగా నాకూ మునగడం నేర్పింది. సరోంగ్ అనే లుంగీని మోకాళ్ల పైకి కట్టుకుని గుంజ పట్టుకుని దిగేవాళ్లం. నీళ్లు చిక్కని టీ రంగులో ఉండేవి, కళ్లతో పని లేదు, వేళ్లతోనే చూసుకోవాలి. దిగేముందు ఆమె ఏమీ చేసేది కాదు. అదే నాకు విడ్డూరం. నీళ్లలో నడుముదాకా నిలబడి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు మామూలుగా ఊపిరి తీసి వదిలేది. చివర్న ఒక్కటి నిండుగా తీసుకుని జారిపోయేది. నన్నూ అలాగే చేయమంది. "పెలాన్, పెలాన్," అనేది, మెల్లగా, మెల్లగా అని. గాలిని ఎక్కువ మింగితే సముద్రం దొంగలా వస్తుందని, తలుపు కొట్టదని చెప్పింది. నాకు లోలోపల నవ్వొచ్చింది. చదువులేని మనిషి, ప్రాణాయామం గురించి ఈవిడకేం తెలుసనుకున్నాను. గురువు ఇంట్లోనే ఉన్నాడన్న పొగరు నాది.

ఆ ఏడాది డాక్‌యార్డు క్లబ్బు కొలనులో క్వార్టర్ల పిల్లలకు ఈతపోటీలు పెట్టారు. అందులో నీళ్ల అడుగున ఎవరు ఎక్కువ దూరం వెళతారన్న పందెం ఒకటి. ఆఫీసర్ల పిల్లలే ఎప్పుడూ గెలిచేవాళ్లు. ఈసారి ఫిట్టరు కూతురు గెలవాలని నేను తీర్మానించుకున్నాను. మక్‌చిక్ మునక, తాత కొలిమితిత్తి, ఈ రెండూ కలిపిన పిల్ల ఆ కొలనులో ఇంకొకతి ఉండదని నా లెక్క. ముందు సముద్రంలో ఒకసారి చూసుకుందామనిపించింది. ఆ రోజు మక్‌చిక్ పడవలో ఉంది, మునగడం నా వంతు. నేను జెట్టీ గుంజ చాటుకు వెళ్లి, ఆమెకు వీపు పెట్టి, ఊదడం మొదలుపెట్టాను. చాటుకు వెళ్లానంటేనే తప్పని నాకు తెలుసన్నమాట. చప్పుడు ఎక్కడికి పోతుంది? "జంగాన్! రాజా, జంగాన్!" అని అరిచింది, వద్దు వద్దని. నా పేరు రాజ్యం, ఆమె నోట రాజా అయ్యేది. నలభై పూర్తిచేసి మునిగాను.

ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఊపిరి కావాలనిపించలేదు. ఛాతీలో ఎప్పుడూ వచ్చే ఆ మంట రాలేదు. గుంజకు చేతులు రాసుకుంటూ కిందికి వెళ్లాను, ఆల్చిప్పలు తగిలాయి, ఇంకా కిందికి వెళ్లాను. తరవాత ఏమీ లేదు. ఆ తరవాత నా చెంపల మీద దెబ్బలు, ముఖం మీద ఎవరో ఉఫ్ ఉఫ్‌మని ఊదడం, "చాకప్! రాజా, చాకప్!" అన్న కేక. మాట్లాడమని. నేను ఏదో అన్నానట. అదేమిటో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నా గోళ్లలో బురద, ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా ఆల్చిప్పలు చీరిన గీతలు. నన్ను ఒడ్డున కూర్చోబెట్టి కాసేపాగి ఇంటికి పొమ్మంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె అలా చేయలేదు. తడిబట్టలతో, చేతినుంచి రక్తం కారుతుంటే, అంత పొడుగు పిల్లను ఎత్తుకుని క్వార్టర్ల దాకా నడిచింది.

ఇల్లు గొల్లుమంది. "ఓలమ్మో, నా తల్లే! ముకమంతా నీలవైపోనాదే!" అని అమ్మ నన్ను లాక్కుంది. నాన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. అసలు సంగతేమిటో ఎవరూ అడగలేదు. సముద్రం, ఆ ఆడమనిషి, నీలం తిరిగిన పిల్ల, ఈ మూడూ చూశాక ఇంకా అడిగేదేముంది?

"నీళ్ల మీద బతికీదానికి పిల్లల పేనం ఇలువేటి తెలుస్తాది? ఇంకోపాలి ఈ గుమ్మం కాడ కనబడ్డావంటే మరి బాగోదు, సెప్తన్నాను," అన్నాడు నాన్న తెలుగులో. ఆమెకు తెలియదేమోనని మళ్లీ మలయ్‌లో అన్నాడు.

తాత నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆయన ముఖంలో ఒక వెలుగు. "ఏడవకండర్రా. ఈ గుంట పేనం ఎవులు నిలబెట్టినారో తెల్దేటి? దినాం నా కాడ కూకోని ఊదినాది. ఆ కొలిమితిత్తే కాపాడినాది," అన్నాడు.

మక్‌చిక్ గుమ్మంలో నిలబడే ఉంది. ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. చెబుతావు కదా అన్నట్టు చూసింది. ఒక్క మాట చాలు. తాతా, నేను ఊదాను, ఆమె వద్దంది. మలయ్‌లో చెప్పినా చాలు, తెలుగులో చెప్పినా చాలు. నేను తేలు కుట్టిన దొంగలా కళ్లు మూసుకున్నాను. నీరసంతో మూశాననుకుని అమ్మ అందరినీ బయటికి పొమ్మంది. కళ్లు తెరిచేసరికి గుమ్మంలో ఎవరూ లేరు, నేల మీద తడి ఉంది.

భయపడి చెప్పలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. నాన్న కొట్టేవాడు కాదు. తాత ముఖంలో ఆ వెలుగు ఆర్పడం నాకు ఇష్టంలేకపోయింది. ఆయనను కాపాడాలనుకున్నాను, దానికి ఆమెను వాడుకున్నాను. ఆ వారంలోనే మా వరండాలో చాపలు సరిపోలేదు. చావు నోట్లోంచి పిల్లను లాక్కొచ్చిన ఊపిరని క్వార్టర్లన్నీ చెప్పుకున్నాయి, మలయాళీలు, తమిళులు పిల్లలను తాత ముందు కూర్చోబెట్టారు. ఆయన పోయేవరకు ఆ గౌరవం తగ్గలేదు. మా గుమ్మం మూసుకోగానే మిగతా గుమ్మాలూ ఆమెకు మూసుకున్నాయి, ఎవరూ మూయమని చెప్పకుండానే. ఆమె బుట్ట మళ్లీ మా వీధిలో కనిపించలేదు. పోటీలకు నన్ను పంపలేదు. కొన్నేళ్లకు ఒడ్డున గుడిసెలు తీసేసి వాళ్లకూ ఫ్లాట్లు ఇచ్చారని, వాళ్లు ఎటో వెళ్లిపోయారని విన్నాను.

మొన్న అనన్య పోటీకి వెళ్లి చూశాను. నీళ్లలో ప్రతి పిల్ల పక్కన ఒక కాపలా మనిషి. గట్టు మీద న్యాయనిర్ణేత. పైకి లేచిన పిల్ల కొన్ని క్షణాల్లోపు కళ్లద్దాలు తీసి, వేళ్లతో సైగ చేసి, బాగున్నానని నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఎంతసేపు ఉన్నా లెక్కలోకి రాదు, ఎర్ర కార్డు చూపిస్తారు. చాలా శాస్త్రీయమైన నియమాలని పక్కన కూర్చున్న ఒక తండ్రి నాకు వివరించాడు. నేను తలూపాను. ఊపిరి తీసుకోమని తొందరపెట్టేది ఒంట్లోని బొగ్గుపులుసు గాలేనని, వేగంగా ఊదితే అది ముందే బయటికి పోయి ఒంటికి ప్రమాదం తెలియకుండా పోతుందని అనన్య కోచ్ చెప్పాడు. అంతా సరిపోయింది. మక్‌చిక్‌కు కార్డులు లేవు, పతకాలు లేవు, చలికి ఒంటిని పట్టుకునే రబ్బరు సూటు లేదు, ముగ్గురు పిల్లల తల్లిగా సాయంత్రపు అన్నం కోసం అదే పని చేసేది. ఈ పిల్లలు అన్నం తిని వచ్చి చేస్తున్నారు. అప్పుడే మేలని నేను అనను. చీరుకుపోయిన ఆ చేతులు చూసినవాళ్లెవరూ అనరు. అయితే చప్పట్లు కొట్టేవాళ్లంతా ఇది కొత్త విద్య అనుకోవడం మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

ఆ మూడో ఆదివారమే అనన్యకు నేను సముద్రం సంగతి చెప్పాను, తాత సంగతి చెప్పాను, గుమ్మంలో కళ్లు మూసుకున్న సంగతీ చెప్పాను. "సో షీ సేవ్డ్ యూ, అండ్ షీ కెనా స్కోల్డింగ్," అంది నీళ్లలో కాళ్లు ఆడిస్తూ, ఆమెకే తిట్లు పడ్డాయా అని. "దట్స్ నాట్ ఫెయిర్ లా, అమ్మమ్మా. యూ వర్ జస్ట్ ఎ కిడ్, బట్ స్టిల్." ఆ బట్ స్టిల్ నాకు నచ్చింది. పన్నెండేళ్ల పిల్ల కదా అని సగం తీర్పు కొట్టేసి, సగం ఉంచింది. ఆ తరవాత అది ఆ ఊదడం మానేసింది. తన జట్టులో ఇంకో ఇద్దరి చేత మాన్పించింది.

యీషున్ సంగతి మాత్రం దానికి చెప్పలేదు. అప్పుడు నేను చిన్నపిల్లను కాను. పెళ్లయి, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, మా అమ్మాయిని కడుపుతో ఉన్నాను. మార్కెట్లో చేపల దుకాణాల వరసలో మా ఆయనతో నడుస్తుంటే ఎవరో రాజా అని పిలిచారు. తలకు గుడ్డ చుట్టుకుని, ఒళ్లు తగ్గి, చేతిలో కూరల సంచీతో మక్‌చిక్ నిలబడి ఉంది. నన్ను చూసి ఎంత సంతోషపడిందో చెప్పలేను. నా రెండు చేతులూ పట్టుకుని, నా పొట్ట వైపు చూసి, ఎన్నో నెల అని అడిగింది. ఈవిడ సాలమా మక్‌చిక్, చిన్నప్పుడు మా క్వార్టర్ల దగ్గర ఉండేవారు అని మా ఆయనకు చెప్పాను. ఆయన మంచి మనిషి, నోటికి ఏది వస్తే అది సరదాగా అనేస్తాడు. పెళ్లిలో మా అమ్మ చెప్పిన కథ ఆయనకు బాగా గుర్తుంది. "ఓహో! మా ఆవిడను నీళ్లలో ముంచేసిన మక్‌చిక్ మీరేనా?" అన్నాడు మలయ్‌లో, నవ్వుతూ.

మక్‌చిక్ నా చేతులు వదల్లేదు. నా ముఖంలోకి ఒకసారి చూసింది. మా ఇంట్లో ఇన్నేళ్లూ ఏ కథ చెప్పుకుంటున్నారో ఆమెకు అప్పుడే తెలిసిందనుకుంటాను. నేను ఏదైనా అంటానేమోనని ఒక్క క్షణం ఆగింది. తరవాత మా ఆయన వైపు తిరిగి, "అవును నాయనా, నేనే," అంది.

మా ఆయన గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను.